నా వంతుకు నాలుగు టైర్లు

ఆ టైర్లను మేడ మీద నుంచి దించుతున్నప్పుడు నేను పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని మాంసం కడుగుతున్నాను. మా డ్రైవరు ఒక్కొక్కదాన్నే మెట్ల మీదుగా దొర్లించుకుంటూ తెచ్చి గోడకి ఆనించాడు. రెండు ఎండాకాలాలు నీళ్ళ ట్యాంకు పక్కన పడి ఉన్న టైర్లు అవి. ఆ మేడ మీద ఎండ ఎలాంటిదో బట్టలారేసే నాకు తెలుసు. తడి దుప్పటి ఒక చివర ఆరేసి రెండో చివర లాగేలోపు మొదటి చివర అట్టలా బిగుసుకుపోతుంది.

చేతులు కడుక్కుని వెళ్ళి ఒక టైరు పక్కన వేలితో రాశాను. నల్లటి పొడి వేలికి అంటుకుంది. పక్కల నిండా సన్నటి పగుళ్ళు. అచ్చం నా మడమల్లాగే ఉన్నాయి.

"ఇవి ఎవరికి?" అన్నాను.

"మనకే అక్కా. చలికాలం వచ్చె గదా, టెంటుకు పోవుడు షురువైతది. బాబా చెప్పిండు ఇవి ఎక్కియ్యమని."

"వీటి మొహం చూశావా నువ్వు?"

అతను బొటనవేలి గోరు టైరు గాళ్ళలో గుచ్చి చూపించాడు. "బటన్లు సూడక్కా, ఎంత లోతున్నయో. బాబా ఎక్కువ తిప్పనే లేదు. ఇంకా రెండేండ్లు నడుస్తయి."

"పైన లోతుంటే సరా? పక్కలు చూడు."

"దానికి పాలిష్ ఉన్నది," అంటూ బండిలోంచి ఒక సీసా తీశాడు. నల్లటి నీళ్ళలాంటి మందు. అది రాసి తుడిస్తే ఎంత పాత టైరైనా కొత్త చెప్పులా మెరుస్తుంది.

నేను పడుకునేముందు మడమలకి కొబ్బరినూనె రాసుకుంటాను. రాసుకుంటే నొప్పి తగ్గుతుంది. టైరుకి పాలిష్ రాస్తే ఏం తగ్గుతుంది? అదే అడిగాను. అతను నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఆ చలికాలమంతా ఆరలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఆరినట్టు లేదు.

నేను గోదావరి జిల్లా నుంచి వంటమనిషిగా కతార్ వెళ్ళినదాన్ని. డ్రైవరుది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే బాగా చిన్నవాడు, తమ్ముడూ అని పిలిచేదాన్ని. పిల్లల్ని చూసుకోవడానికి ఒక నేపాలీ అమ్మాయి ఉండేది. ఆ ఇంట్లో పనివాళ్ళం మేం ముగ్గురమే. ఇంటాయన్ని బాబా అనేవాళ్ళం, ఇంటావిడని మేడమ్ అనేవాళ్ళం.

ఆ దేశంలో చలికాలమంటే అందరికీ పండగ. ఎండ తగ్గగానే ఉన్నవాళ్ళు ఎడారిలో టెంట్లు వేసుకుంటారు. మా బాబా వాళ్ళ టెంటు ఉత్తరాన. అల్ రువైస్ వెళ్ళే పెద్ద రోడ్డు మీద చాలాసేపు పోయి, పక్కకి ఇసుకలోకి దిగితే వస్తుంది. గురువారం సాయంత్రం వాళ్ళు వెళ్ళి శనివారం తిరిగొస్తారు. వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ టీ మరిగి ఉండాలి కాబట్టి, వాళ్ళకంటే ముందు మేం బయల్దేరాలి. వాళ్ళది కొత్త పెద్ద బండి. మాది అదే రకంలో పాతది. చక్రాల కొలత కూడా అదే. దాన్నిండా గ్యాసు సిలిండరు, బొగ్గు, బియ్యం, వండినవి నింపిన డేగిసాలు, ఆ సందుల్లో మేం. ఇంట్లో అందరూ దాన్ని వంటబండి అనేవారు.

ఆ ఇంట్లో ఏది పాతబడినా మావైపు వస్తుంది. మేడమ్ పాత అబాయాలు, అంటే బట్టల మీద వేసుకునే పొడుగు నల్ల అంగీలు, నాకు. పిల్లలు విసిరేసిన ఫోన్లు నేపాలీ అమ్మాయికి. బాబా బూట్లు డ్రైవరుకి, కాలికి పెద్దవైనా సరే. అలాగే పెద్ద బండి టైర్లు వంటబండికి. అబాయా చిరిగి ఉంటే నేను కుట్టుకుని తొడుక్కుంటాను, అందులో నాకు నామోషీ లేదు. టైరుని కూడా అబాయాలాగే చూశారు వాళ్ళు. మేమూ అలాగే తీసుకున్నాం. చిరిగితే కుట్టుకోవచ్చు అన్నట్టు.

దానికి ముందటేడు చలికాలం చివర్లో వెనక టైరు ఒకటి రోడ్డు మీద పేలింది. ఢామ్మని చప్పుడయింది. పైపొర ఊడి బండి కింద డబడబా కొట్టుకుంది. బండి ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. వెనక నుంచి లారీవాడి హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది. తమ్ముడు ఎలాగో రోడ్డు పక్కకి తెచ్చి ఆపాడు. నేపాలీ అమ్మాయి ఒళ్ళో పెట్టుకున్న గిన్నెలోంచి వేడి పులుసు ఒలికి ఆమె పాదం కాలింది. నేను మేడమ్‌కి ఫోన్ చేసి టైరు పేలిందని చెప్పాను.

"అన్నం పోయిందా?" అంది.

అన్నం పోలేదని చెప్పాను. మా ప్రాణాలు కూడా పోలేదని నేనే చెప్పాను, ఆవిడ అడగలేదు కాబట్టి.

ఆ అమ్మాయి పాదం మీద మచ్చ చెప్పులోంచి కనిపిస్తూ ఉండేది. ఆ మచ్చని రోజూ చూస్తూ, ఈ చలికాలం మళ్ళీ ఎండలో మాడిన టైర్ల మీద కూర్చోమంటే నేనెలా ఊరుకుంటాను?

"తమ్ముడూ, నువ్వెళ్ళి బాబాకి చెప్పు. ఈ టైర్లు పనికిరావు, కొత్తవి కావాలని చెప్పు," అన్నాను.

అతను పాలిష్ గుడ్డ కింద పెట్టాడు. "నేనెట్ల చెప్తనక్కా? నా వంతు అయిపోయింది గదా."

ఈ వంతు సంగతి చెప్పాలి. నాకంటే ముందు ఆ ఇంట్లో వంట చేసిన కడప ఆవిడ పెట్టిపోయిన పద్ధతి అది. ఒకసారి ఒక్కళ్ళే అడగాలి, ఒక్కటే అడగాలి. అది దొరికాక కొన్నాళ్ళు అందరూ నోరు మూసుకోవాలి. ఆ తర్వాత ఇంకొకళ్ళు. ముగ్గురూ మూడు కోరికలు పట్టుకుని ఒకేసారి వెళితే మేడమ్‌కి చిరాకొచ్చి మూడూ పోతాయి. కడప ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు నాకు మసాలా డబ్బాలు అప్పగించినట్టే ఇదీ అప్పగించింది. మేం ముగ్గురం దాన్ని తప్పేవాళ్ళం కాదు. నేపాలీ అమ్మాయి తన వంతుకి గదిలో ఏసీ బాగు చేయించమని అడిగింది. తమ్ముడు తన వంతుకి ఊరెళ్ళడానికి సెలవడిగాడు, దొరికింది. తర్వాత వంతు నాది.

నా వంతుని నేను ఏడాది నుంచి దాచుకున్నాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లాలో కృష్ణా జిల్లా టీచరమ్మ ఒకావిడ ఉండేది. మాలాంటి ఆడవాళ్ళకి ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు అక్షరాలు నేర్పేది. ప్రార్థనకి వెళ్ళినప్పుడు పరిచయమైంది. రమ్మని ఎన్నోసార్లు పిలిచింది. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పిల్లలు బడికి పోతారు, మధ్యాహ్నం వంట అయ్యాక ఇంట్లో పెద్ద పనేం ఉండదు. ఆ రెండు గంటలు నాకు కావాలి. అప్పటికి నా వయసు ఐదు పదులకి దగ్గర పడింది. చిన్నప్పుడు బడికి పంపనివాళ్ళ మీద కోపం ఎప్పుడో అరిగిపోయింది. ఇక ఎవరూ పంపరని తెలిశాక నేనే వెళదామనుకున్నాను. ఏ మాటలతో అడగాలో అరబీలో పదిసార్లు అనుకుని పెట్టుకున్నాను.

వారానికో రోజు సెలవివ్వాలని ఆ దేశం చట్టంలోనే రాసి ఉందని తర్వాత తెలిసింది. చదవలేనిదానికి ఎవరు చదివి చెప్తారు?

"నీ వంతు ఉన్నది గదక్కా. నువ్వడుగు," అన్నాడు తమ్ముడు.

"నేను ఆదివారం అడగాలని ఎన్నాళ్ళనుంచి చూస్తున్నానో నీకు తెలీదా?"

"తెల్సు. అందుకే అంటున్న, టైర్లు విడువు. ఏం గాదు. నేను నిమ్మలంగ నడుపుత."

"పోయినసారి నిమ్మళంగా నడపలేదా? పేలిందిగా?"

"అది నసీబు."

"నసీబు కాదు, టైరు."

అతనికి కోపమొచ్చింది. "మరి నన్నేం జెయ్యమంటవక్కా? సెలవు ఇచ్చిండ్రు. ఇప్పుడు పోయి టైర్లు అంటే ఇగ సెలవు లేదు పో అంటడు. నా బిడ్డ పుట్టినంక ఒక్కసారి సుత సూడలేదు నేను."

అతని కూతురి ఫొటో బండి అద్దం దగ్గర వేలాడుతూ ఉండేది. నేపాలీ అమ్మాయి మెట్ల మీద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. మా మాటలు అర్థం కాలేదు, టైర్లు మాత్రం అర్థమయ్యాయి. కాలు కొంచెం లోపలికి లాక్కుంది.

బండి వాళ్ళది. టెంటు వాళ్ళది. తినేది వాళ్ళు. ఆ బండికి టైర్లు నా కోరిక ఎలా అవుతాయి? బండికి పెట్రోలు పోయించమని ఎవరైనా వంతు వాడుకుంటారా? ఈ మాట తమ్ముడితో అంటే, "పెట్రోలు లేకుంటే బండి నడవది అక్కా. ఈ టైర్లతోని నడుస్తది," అన్నాడు. నడుస్తుంది, పేలేవరకు.

బుధవారం సాయంత్రం బాబా మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే ముందు గదిలో, ఒక్కడే టీవీ చూస్తుంటే కాఫీ తీసుకెళ్ళాను. కాఫీ పోసి అక్కడే నిలబడ్డాను. నాకొచ్చింది వంటింటి అరబీ. దాంట్లోనే చెప్పాను. వంటబండి టైర్లు చచ్చిపోయాయి బాబా, మాకు కొత్తవి కావాలి, వానలొస్తాయి, రోడ్డు జారుతుంది, నాకు భయం.

బాబా నన్ను వింతగా చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. మేడమ్‌ని కేకేసి పిలిచాడు. "విన్నావా? ఆడవాళ్ళు బంగారం అడుగుతారు. మన వంటమనిషి టైర్లు అడుగుతోంది!"

మేడమ్ కూడా నవ్వింది. "మేడ మీదవి ఉన్నాయిగా?" అంది.

"అవి ఎండకి మాడిపోయాయి మేడమ్."

"డ్రైవరు బాగున్నాయన్నాడే."

దానికేం చెప్పను? డ్రైవరుకి భయం అని చెప్పనా? కాఫీ కప్పు మళ్ళీ నింపాను. బాబా చెయ్యి ఊపాడు. "ఖలాస్. కొనమని చెప్పు. ఏది కావాలంటే అది." నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నాడు: "ఈసారి నీ కోరిక తీరింది, హా?"

వాళ్ళకి కూడా మా వంతుల సంగతి తెలుసని అప్పుడు అర్థమైంది. మేం మర్యాద కోసం పెట్టుకున్న పద్ధతి వాళ్ళకి ఎంత సుఖంగా ఉందో! మేమే మా నోళ్ళు కొలిచి మూసుకుంటున్నాం, వాళ్ళకి కాదనే శ్రమ కూడా లేదు. వంటింట్లోకొచ్చి ఉల్లిపాయలు తరిగాను. ఆ రోజు కూరకి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ తరిగాను.

మర్నాడు పొద్దున్నే కూరగాయలు తేవాలన్న సాకుతో తమ్ముడితో పాటు నేనూ బండెక్కాను.

"నువ్వెందుకక్కా టైర్ల షాపుకు? అక్కడ అందరు మొగోళ్ళే ఉంటరు."

"వంతు నాది. టైర్లు కూడా నేనే చూసుకుంటాను."

ఊరి చివర గ్యారేజీలన్నీ ఉండే చోటుకి వెళ్ళాం. షాపతను మలయాళీ. నన్ను వాళ్ళ భాషలో అక్కా అన్నట్టు చేచీ అని పిలిచి స్టూలు వేశాడు. మా ముగ్గురికీ వచ్చిన హిందీలో మాట్లాడుకున్నాం. గోడల వెంట పైకప్పు దాకా టైర్లు పేర్చి ఉన్నాయి. కొత్త రబ్బరు వాసన ముక్కులో ఘాటుగా తగిలింది.

తమ్ముడు తిన్నగా ఒక మూలకి పోయి పెద్దపెద్ద గుబ్బలున్న టైరు మీద చెయ్యి వేశాడు. "ఇవి! అక్కా, ఇవి సూడు! మా ఊర్ల ట్రాక్టర్‌కు గిసోంటియే ఉంటయి. ఎంత దిగుబాటుల పడ్డా గుంజుకొస్తది."

నాకూ అది సబబుగానే తోచింది. మా వైపు దమ్ము చేసే చేలో ట్రాక్టరుని చూసినదాన్నే కదా. షాపతను నవ్వేశాడు.

"అది తడి మట్టికి భాయీ. పొడి ఇసుకలో ఈ గుబ్బలు ఏం చేస్తాయో తెలుసా? తవ్వుతాయి. నువ్వు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ బండి తనకి తానే గొయ్యి తీసుకుంటుంది." తర్వాత రెండు రకాలు బయటికి తీసి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి వెడల్పుగా, పైన పెద్ద గాళ్ళు లేకుండా ఉంది. ఇసుక మీద తేలడానికి. రెండోదానికి పైనుంచి కిందికి లోతుగా చారలున్నాయి. వానలో రోడ్డు మీది నీళ్ళని పక్కలకి చిమ్మడానికి. "మీకు ఏది ముఖ్యం? ఇసుకా, రోడ్డా?" అన్నాడు.

"ఇసుక," అన్నాడు తమ్ముడు.

"రోడ్డు," అన్నాను నేను.

షాపతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు ఊకో. నడిపేది నేను. ఇసుకల దిగబడితే ఏమైతదో నీకెర్కలేదా? ఆ పోరగాళ్ళు ఫోన్లు పట్టుకుని వస్తరు. వీడియో తీస్తరు. పోయినేడాది నన్ను తీసి అందరికి పంపిండ్రు. కింద పడి ఇసుక తోడుతుంటె ఆ నవ్వులు నీకు ఇనవడలేదా?"

బాబా కొడుకులు, వాళ్ళ స్నేహితుల సంగతి అతను చెప్పేది. నిజమే, నేనూ విన్నాను. ఎదిగిన కుర్రాళ్ళు. అతను మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో చక్రం కింద ఇసుక లాగుతుంటే చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి అతను అన్నం తినలేదు.

"వినబడింది. అయినా రోడ్డుదే తీసుకోవాలి."

"ఎందుకు?"

"ఇసుకలో దిగబడితే నలుగురొచ్చి తోస్తారు. నవ్వుతూనే తోస్తారు. రోడ్డు మీద ఆ స్పీడులో జారితే ఎవరొచ్చి తోస్తారు? వెనకాల సిలిండరు పెట్టుకుని? మొదటి వాన పడ్డప్పుడు ఈ రోడ్లు ఎలా ఉంటాయో నీకు నేను చెప్పాలా? ఏడాది పొడుగునా కారిన నూనె, దుమ్ము కలిసి సబ్బునీళ్ళలా అవుతాయి."

"నీకేమన్నా అయితదనే నీ బాధ."

"అవును! నాకేమన్నా అవుతుందనే! ఆ పిల్లకేమన్నా అవుతుందని, నీకేమన్నా అవుతుందని. నీ కూతురు నిన్ను వీడియోలోనే చూడాలా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని మొహం మాడిపోయింది. షాపతనికి తెలుగు రాదు గానీ తల పక్కకి తిప్పుకున్నాడు. తమ్ముడు కాసేపు చారల టైరుని కాలితో తన్నుతూ నిలబడ్డాడు. తర్వాత బండి తాళాలు షాపతని చేతిలో పెట్టి, "యల్లా, ఎక్కియ్," అన్నాడు.

టైరు పక్కన అది తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. అంకెలు నాకు ముందునుంచీ వచ్చు. నాలుగు టైర్లకీ వంగి చూసుకున్నాను. అన్నీ ఆ ఏడాదివే. పాతవాటిని షాపతను లోపలికి దొర్లించబోతుంటే తమ్ముడు ఆపాడు. పారేయొద్దని, తిరిగి మేడ మీద పెట్టమని బాబా చెప్పాడట. ఆ మాడిపోయిన టైర్లు మాతోపాటే డేగిసాల చోట్లో కూర్చుని ఇంటికొచ్చాయి.

ఇంటికొచ్చాక తమ్ముడు నా వంటింట్లోంచి నిమ్మకాయలు పట్టుకెళ్ళి చక్రానికొకటి పెట్టి బండి ముందుకి పోనిచ్చాడు. నేను ప్రార్థన చేసుకున్నాను. మేడమ్ కిటికీలోంచి చూసి, నిమ్మకాయలు పాడు చేస్తున్నారని కోప్పడింది.

వాన ఆ తర్వాత వారాల్లో ఒక గురువారం పడింది. మేం పెద్ద రోడ్డు మీద ఉన్నాం. ఆ దేశంలో నీళ్ళు పోవడానికి దారి తక్కువ. చూస్తుండగానే రోడ్డు చెరువైంది. మా ముందు వెళ్తున్న తెల్లకారు ఒక్కసారి గిర్రున తిరిగి మాకెదురుగా మొహం పెట్టి ఆగింది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. నేను డేగిసా మూత రెండు చేతులతో నొక్కిపట్టి కళ్ళు మూసుకున్నాను. బండి పట్టుకుంది. జారలేదు, ఊగలేదు. తమ్ముడు ఆ కారు పక్కనుంచి మెల్లగా దాటించాడు. తర్వాత చాలాదూరం వెళ్ళాక, "చాయ్ తాగుదామా అక్కా?" అన్నాడు. అంతే. టెంటు దగ్గర మేడమ్, "ఇంత ఆలస్యమా?" అంది.

అంతకుముందు, రోడ్డు వదిలి ఇసుకలోకి దిగగానే బండి కూరుకుపోయింది. కుర్రాళ్ళు ఫోన్లతో వచ్చారు. చప్పట్లు కొట్టారు. బాబా కూడా వచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుని, "కొత్త టైర్లు కొనిచ్చినా దిగబడ్డావా?" అన్నాడు. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుకలో తేలేందుకు టైర్లలో గాలి తగ్గిస్తున్నాడు. తలెత్తి నావైపు చూసిన చూపుని నేను తప్పించుకోలేదు. పారలా పళ్ళెం ఒకటి పట్టుకుని అతని పక్కనే కూర్చుని ఇసుక తోడాను. ఆ వీడియోలో నేనూ ఉంటాను. ఎవరి ఫోన్లోనో ఇప్పటికీ ఉండే ఉంటాను.

"నీ మాట ఇన్నందుకు మంచిగైంది," అన్నాడు గొణుగుతూ.

"బతికుండి తిడుతున్నావుగా, తిట్టు," అన్నాను.

చలికాలం సగమైంది. ఒక మంగళవారం పొద్దున్న పెరట్లో జాకీ చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే బాబా పెద్ద కొడుకు పిలిపించిన మెకానిక్కు వంటబండిని లేపి చక్రాలు విప్పుతున్నాడు. పెద్ద కొడుక్కి కూడా అదే కొలత బండి ఉంది, దానికి ఇసుక టైర్లు వేయించుకున్నాడు. స్నేహితులతో కలిసి సౌదీ దాకా రోడ్డు మీద పోతున్నాడట. అక్కడ వానలట. అందుకని మా చారల టైర్లు కావాలట. విప్పిన నాలుగూ ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. తమ్ముడు మేడ మీద నుంచి ఆ పాత టైర్లని మళ్ళీ దించుకొస్తున్నాడు.

"ఏంటిది?" అన్నాను.

"ఏం లేదక్కా. బాబా కొడుకు వారం పది రోజులు తీస్కపోతడట. అందాక ఇవి వేస్కొమ్మన్నడు."

మరి గురువారం మేం దేనిమీద వెళ్ళాలి? నేను వాదించలేదు. నా కాళ్ళే నన్ను తీసుకెళ్ళాయి. వెళ్ళి ఆ నాలుగు టైర్ల దొంతర మీద ఎక్కి కూర్చున్నాను. చేతిలో గరిటె ఉంది, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.

మెకానిక్కు ముందు నవ్వాడు, తర్వాత వింతగా చూశాడు. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! లే! ఏంది గిది? పరువు పోతది!"

"ఎవరిది?"

"అందరిది! లే అక్కా, నీ కాళ్ళు మొక్కుత."

పెద్ద కొడుకు వచ్చి అరిచాడు. నేను లేవలేదు. మేడమ్ వచ్చి, "పొయ్యి మీద మాడుతోంది, లోపలికి నడు," అంది. నిజంగానే మాడుతోంది, వాసన వస్తోంది. మాడనిచ్చాను. ఆ వాసనకే చివరికి బాబా బయటికొచ్చాడు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు.

నాకొచ్చిన అరబీలోనే చెప్పాను. "బాబా, ఇవి బండివి కావు. నావి. నేను అడిగాను, మీరిచ్చారు. కోరిక తీరిందన్నారు. ఇవి మీ అబ్బాయికి ఇస్తే నా కోరిక నాకు తిరిగివ్వండి. నాకు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కావాలి. చదువుకోవాలి. అదే అడగాలనుకున్నాను. ఇవి అడిగినందుకు అది అడగలేదు."

బాబా మేడమ్ వైపు చూశాడు. మేడమ్ ఆకాశం వైపు చూసింది. ఆదివారం మాట ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ ఆదివారాలు దొరికింది ఆ మరుసటి ఏడాది. అప్పటికి టీచరమ్మ దగ్గర నాతోపాటు చేరాల్సినవాళ్ళు ఉత్తరాలు రాసుకుంటున్నారు. నేను 'అ' దగ్గర కూర్చున్నాను. ఆ ఏడాదిని నేనెవరికీ క్షమించలేదు.

బాబా కొడుకుతో ఏదో అన్నాడు. కొడుకు నన్ను తిట్టి, తలుపు దభాలున వేసి, తన బండిలో వెళ్ళిపోయాడు. అరగంటకి తిరిగొచ్చాడు. బండికి కొత్త చారల టైర్లున్నాయి. అరగంట! అతనికి కావాల్సింది అరగంటలో దొరికింది. అదే టైర్ల కోసం ఒక పిల్ల కాలు కాలింది, ఒక మనిషి పరువు పోయింది, నా చదువు ఏడాది ఆగింది. నేను అప్పటికీ దొంతర మీదే కూర్చుని ఉన్నాను. అతను బండి దిగి మా పక్కనుంచి నడిచి లోపలికి పోయాడు.

"ఇగనన్న లేస్తవా అక్కా?" అన్నాడు తమ్ముడు జాకీ పట్టుకుని.

"లేస్తాను. ముందు ఆ మేడ మీద నుంచి దించిన టైర్లు ఇలా తే."

"మళ్ళ ఏందే తల్లీ?"

"అవి ఉన్నన్నాళ్ళు మళ్ళీ మళ్ళీ మన బండికే దిగుతాయి. కోసెయ్యి."

అతను నావైపు చూశాడు, గోడకి ఆనించిన టైర్ల వైపు చూశాడు. నేపాలీ అమ్మాయి అప్పటికే వంటింట్లోకి పోయి మాంసం కోసే పెద్ద కత్తి తెచ్చింది. మా మాటలు ఆమెకి రావని నేను చెప్పానే, ఆ రోజు ఎలా వచ్చాయో. తమ్ముడు కత్తి తీసుకుని ఒక టైరు పక్కన పగుళ్ళ మీద పొడిచి కిందికి లాగాడు. ఎండిన తోలులా చీలింది. అతని మొహంలో ఏదో కదిలింది. రెండోదాన్ని ఇంకా గట్టిగా చీల్చాడు. మూడోది నేపాలీ అమ్మాయి అడిగి తీసుకుంది. నాలుగోది నేను లేచి వెళ్ళి కోశాను.

ఆ పనికి కత్తి మొద్దుబారిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడమ్ దగ్గరికెళ్ళి, మాంసం కత్తి పాడైంది, కొత్తది కావాలి అన్నాను. వంతు ప్రకారం ఈసారి అడగాల్సింది నేపాలీ అమ్మాయి. అయినా నేను అడగలేదు, చెప్పాను.